ఆరు వందల నలభై అడుగుల కింద

మా పని నూనె వెతకడం అని నేను ఎవరికీ చెప్పను. "భూమి లోపల రాళ్లు ఎట్లా ఉన్నాయో చూసే సర్వే" అంటాను. అయినా నేను నోరు మూసేలోపే అవతలి మనిషి అడిగే మాట ఒక్కటే.

"నూనె పడ్తదా?"

ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి ఆ మాట మూడు వందల సార్లు విని ఉంటాను. మా నారాయణఖేడ్ వైపు బోరు వేస్తే నీళ్లు పడ్డాయా అని అడుగుతారు. ఆ లెక్కన నూనె కూడా పడాలి కదా. కల్హేర్ అంగట్లో ఒకాయన నా స్కూటీకి అడ్డం నిలబడి, నూనె పడితే ఇక్కడి బళ్లకు ఇక్కడే పోస్తారా, హైదరాబాద్ తీసుకుపోతారా అని అడిగాడు. ఇంకొకాయన తన చేను కింద పడిన నూనె తనదా కాదా అని నిలదీశాడు. కింద ఏది దొరికినా సర్కారుదే అన్నాను. "మరి పైన రాళ్లు ఏరుడు మాత్రం మాదా?" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం అని నవ్వి వచ్చేశాను గానీ, ఆ ప్రశ్న మాత్రం రెండు రోజులు నన్ను వదల్లేదు.

నా పేరు కృప. ఖేడ్‌లో చర్చి వెనక సందులో మా ఇల్లు. జియాలజీ చదివి, ఉద్యోగం లేక మూడేళ్లు ప్రైవేటు బడిలో సైన్సు చెప్పాను. నూనె వెతికే కంపెనీ ఒకటి మనూర్ వైపు సర్వేకు వచ్చినప్పుడు, ఇక్కడి మాట తెలిసిన మనిషి కావాలని నన్ను తీసుకున్నారు. మ్యాపు మీద సర్వే గీత ఎవరి చేను మీదుగా పోతుందో, ఆ రైతు ఇంటికి రెండు రోజుల ముందే వెళ్లి ఫారం నింపి సంతకం తేవాలి. అదీ నా పని. నా వెనక నారింజ రంగు వైరు పరిచేవాళ్లు వస్తారు. ఆ వైరు పొడుగునా చిన్న చిన్న పరికరాలు భూమిలో గుచ్చుతారు. ఊళ్లవాళ్లు వాటిని చెవులు అంటారు. ఇంగ్లిషు పేరు కంటే ఈ పేరే నాకు నచ్చింది. అక్కడక్కడా అరవై అడుగుల గుంత తొలిచి, అడుగున మందు పెట్టి పేలుస్తారు. ఆ చప్పుడు కిందికి పోయి, రాళ్లకు తగిలి తిరిగి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో ఆ చెవులు వింటాయి.

ఈ పనంటే నాకు పిచ్చి ఇష్టం. మా నేల కింద ఎక్కడ తవ్వినా నల్లరాయే. కోట్ల ఏళ్ల కింద పారిన లావా అట్లా గడ్డకట్టింది. దాని కింద ఏముందో ఎవరూ చూడలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ రాయి మీద నడిచినదాన్ని, తెలుసుకోవాలని నాకు మాత్రం ఉండదా?

శంకరమ్మ ఇంటికి నేను వెళ్లింది ఒక సోమవారం పొద్దున. మనూర్ మండలంలో ముప్పై గడపల చిన్న పల్లె అది. శంకరమ్మకు అరవై దగ్గర ఉంటాయి. భర్త పోయాక రెండెకరాల రేగడి చేను తనే చేసుకుంటోంది. పక్కింట్లోనే మరిది యాదయ్య. నా మెడలో కంపెనీ కార్డు చూడగానే అతను వదినె కంటే ముందు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎవరి బిడ్డవు?" అంది శంకరమ్మ.

"ప్రేమదాసు సారు బిడ్డను పెద్దమ్మా. ఖేడ్‌ల బడిల చెప్పెటోడు."

"గట్లనా. కాళ్లు కడుక్కో, చాయ తాగి పో."

బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ పొద్దున చలికి స్కూటీ మీద నా వేళ్లు కొంకర్లు పోయాయి. నీళ్లు పోసుకోగానే ప్రాణం లేచి వచ్చింది. గోరువెచ్చగా ఉన్నాయి.

"నీళ్లు కాగబెట్టినవా పెద్దమ్మా?" అన్నాను. అంటూనే పొయ్యి వైపు చూశాను. ఇంకా రాజేయలేదు. నిన్నటి బూడిద అట్లాగే ఉంది.

శంకరమ్మ చెయ్యి చెంబు దగ్గర ఆగిపోయింది. యాదయ్య మాత్రం ఆగలేదు. "ఎండకు పెట్టినం" అన్నాడు.

ఎండ ఇంకా వాళ్ల ఇంటి కప్పు కూడా దాటలేదు.

చలికాలం పొద్దున వెచ్చటి నీళ్లు వచ్చేది ఒక్క చోటి నుంచే. లోతైన బోరు నుంచి అప్పుడే తోడితే అట్లా ఉంటాయి. మా ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి. మరి ఈ దాపరికం ఎందుకు? ఫారం తీసి, చేనులో బావి గానీ బోరు గానీ ఉందా అని అడిగాను.

"ఏం బోరు?" అన్నాడు యాదయ్య. "వాన పడితే పంట, లేకుంటే మంట. గంతే."

ఇంటి వెనకే పొడుగాటి చేను. శనగ పచ్చగా ఉంది. నడుమ మనిషెత్తు కందికట్టె కుప్ప. కందికట్టె వంటచెరుకు కదా, పల్లెలో అందరూ ఇంటి గోడకు ఆనించి పేర్చుకున్నారు. ఈమె ఒక్కతే ఇంటికి అంత దూరాన, చేను నట్టనడుమ పేర్చుకుంది. కుప్ప కింద ఏముందో అర్థమైంది. ఎందుకు దాచారో కూడా అర్థమైంది. ఊరి మంచినీళ్ల బోరుకు దగ్గరలో ఇంకో బోరు వేయడానికి అనుమతి ఇవ్వరు. పల్లె మొగదల ఉన్న ఆ సర్కారు బోరు ఇక్కడికి కనబడుతూనే ఉంది. అనుమతి లేకుండా వేసిన బోరు ఇది. తలల మీద హెల్మెట్లు, చేతుల్లో కాగితాలు పట్టుకుని చేలల్లో తిరుగుతున్న మమ్మల్ని చూసి, దొంగ బోర్లు పట్టుకునే ఆఫీసర్లు వచ్చారనుకున్నారు.

నాకు జాలేసింది. ఒంటరి మనిషి, ముసలితనం, రెండెకరాలు. నేను రాసే ఒక్క ముక్కతో ఆమె నోటికాడి నీళ్లు పోవడం ఎందుకు? పైగా మ్యాపు ప్రకారం పేలుడు గుంత చేనుకు ఆ చివర ఉంది, చాలా దూరం. నీటి వనరు అన్న చోట "లేదు" అని రాశాను. శంకరమ్మ ఆ మాట చదివింది. నా ముఖంలోకి ఒకసారి చూసి సంతకం పెట్టింది. తిరిగి వచ్చేటప్పుడు నాకు నేనే ఎంతో మంచిదానిలా కనిపించాను. మా నాన్న వింటే మెచ్చుకుంటాడని కూడా అనుకున్నాను.

బుధవారం పొద్దున నేను వెళ్లేసరికి వైరు పరిచేశారు. చెవులు గుచ్చేశారు. పేలుడు గుంతకు గుర్తుగా పెట్టే ఎర్రజెండా కోసం చేను ఆ చివర చూశాను. లేదు. అక్కడ మైసమ్మ రాయి ఉందని, దాని దగ్గర పేల్చొద్దని ఊళ్లవాళ్లు అడ్డం పడ్డారట. సరేనని మా కుర్రాళ్లు జెండాను ఇటు జరిపారు. ఇప్పుడు అది కందికట్టె కుప్పకు సరిగ్గా ఇరవై అంగల దూరం. గుంత కూడా తొలిచేశారు. మందు దింపడం ఒక్కటే మిగిలింది.

నీటి బోరుకు మూడు వందల అడుగుల లోపల పేల్చకూడదని మాకు కచ్చితమైన నిబంధన ఉంది. జెండా జరిపినవాళ్ల తప్పు ఏమీ లేదు. వాళ్లు ఫారం చూసుకున్నారు. ఫారంలో బోరు లేదు. లేదని రాసింది నేను. మంచికి పోతే చెడు ఎదురైందని జనం అంటుంటే అది చేతకానివాళ్లు చెప్పుకునే మాట అనుకునేదాన్ని.

క్యాంపు మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడతాడు. "మీరే కదా కృపా లేదని రాసింది, రైతు సంతకం కూడా ఉంది" అన్నాడు. "ఈ గీత ఇవాళ పూర్తి కావాలి. ఫారం ప్రకారం పోదాం."

"బోరు ఉందంటే?"

"ఉంటే లోతు, వేసిన సంవత్సరం, అనుమతి నంబరు రాసి కొత్త ఫారం పంపండి. ఒక నకలు తహసీల్దారు ఆఫీసుకు పోతుంది. జెండా జరుపుతాం. కానీ లేని గొడవ మనకెందుకు?"

ఫోన్ పెట్టేసి కాసేపు గట్టు మీద నిలబడ్డాను. చెబితే బోరు సంగతి ఆఫీసుకెక్కుతుంది. చెప్పకపోతే ఇరవై అంగల్లో మందు పేలుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ నేను తవ్వినవే. నా మీద నాకే ఒళ్లు మండింది. నేరుగా శంకరమ్మ ఇంటికి నడిచాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. యాదయ్య వింటూ వింటూనే అడ్డం వచ్చాడు.

"నువ్వేం చెప్పకు. నువ్వు జూడలే, మేం చెప్పలే. ఇరవై అంగలంటే తక్వనా? ఏం గాదు."

"ఏమన్న అయితే?" అంది శంకరమ్మ.

"వదినే, ఆఫీసుల ఎక్కితే వచ్చి బోరు మూస్తరు. సర్కారు బోరు ఎండి ఐదేండ్లాయె. ముప్పై ఇండ్లోళ్లు ఏం తాగాలె?"

అది నాకు తెలియదు. పల్లె మొగదల ఉన్న సర్కారు బోరు ఎండిపోయి ఐదేళ్లయిందట. కాగితం మీద మాత్రం ఇంకా నీళ్లు ఇస్తూనే ఉంది. పల్లె మొత్తం తాగేది శంకరమ్మ నీళ్లే. పొద్దున తెల్లారకముందే మోటారు వేసి, అందరూ పట్టుకుపోయాక మళ్లీ కందికట్టె కప్పేస్తారు. అందుకే పల్లెలో ఒక్కరూ నోరు విప్పలేదు.

శంకరమ్మ నా వైపు తిరిగింది. "ఆ గుంత పేలితే నా నీళ్లకు ఏమైతది? నిజం చెప్పు."

"నాకు తెల్వదు పెద్దమ్మా. ఏం గాకపోవచ్చు. కింద రాయిల పగుళ్లు కదిలితే నీళ్లు పక్కకు పోవచ్చు."

"బోరున్నదని నీకు ఎట్ల తెల్సె?"

"గా రోజు నీళ్లు వెచ్చగుండె."

"తెల్సీ లేదని రాస్తివా?"

"నీ మంచికే అనుకున్న."

ఆమె కొంగు నడుముకు చుట్టి చేనులోకి నడిచింది. నేను వెనక, యాదయ్య నా వెనక. జెండా దగ్గర మా కుర్రాళ్లు ఆరుగురు, వాళ్ల పెద్ద గగోయ్ సారు నిలబడి ఉన్నారు. అందరూ చూస్తుండగానే శంకరమ్మ కందికట్టె మోపులు ఒక్కొక్కటే లాగి పక్కకు విసరడం మొదలుపెట్టింది. మూడో మోపుకు నేనూ చెయ్యి వేశాను. అడుగున పసుపు రాసి బొట్లు పెట్టిన పైపు మూతి కనబడింది.

గగోయ్ సారుది అస్సాం. ముప్పై ఏళ్లుగా నూనె వెతుకుతున్నాడు. ఆయన హిందీలో మాట్లాడితే నేను తెలుగు చేసేదాన్ని. దాచినందుకు కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని పైపు మూతి దగ్గర తల పెట్టి అడిగిన మొదటి మాట, ఎంత లోతు అని.

"ఆరు వందల నలభై అడుగులు" అంది శంకరమ్మ.

చివరిదాకా నల్లరాయేనా అని అడిగాడు.

"కాదు. ఆరు వందల ఇరవై దాకా నల్లరాయి. ఆడ బండ ఒడిసింది. తెల్లమట్టి బుసబుస పొంగె. బోరుబండోడు భయపడి, ఇగ చాలమ్మా అన్నడు. ఇంకో ఇరవై అడుగుల గడ దించు, కింద ఏమున్నదో నేను చూడాలె అన్న. గా గడకే నీళ్లు పడ్డయి."

నేను ఆ మాట హిందీలో పూర్తి చేసేలోపే గగోయ్ సారు లేచి నిలబడ్డాడు. పేలుడు, జెండా, గీత అన్నీ మరిచిపోయినట్టున్నాడు. ఆ తెల్లమట్టి ఇప్పుడు ఎక్కడ ఉందని అడిగాడు.

"పొయ్యేసుకున్న" అంది ఆమె.

నిజమే. జిగటగా మెత్తగా ఉందని ఆ మట్టి మొత్తం గంపల్లో ఇంటికి మోసుకుపోయి పొయ్యి వేసుకుంది, గోడకు పూసుకుంది. అందరం ఇంట్లోకి నడిచాం. గగోయ్ సారు జేబులోంచి చిన్న చాకు తీయగానే శంకరమ్మ కసిరింది.

"ఏయ్, బొట్టు వెట్టిన పొయ్యి! ముందల గీకకు. ఎన్కకెల్లి తీసుకో, జెరంత."

ఆయన ఎంతో భక్తిగా పొయ్యి వెనక గోరంత గీకాడు. ఒక పలుకు పంటి కింద పెట్టి కొరికి చూశాడు. మంటకు కాలిందని దాన్ని పక్కన పెట్టేసి, గోడ మీది మట్టి ఇంకొంత తీసుకున్నాడు. దాని మీద చిన్న సీసాలోంచి రెండు చుక్కల యాసిడ్ వేశాడు. మట్టి సర్రుమని నురుగు పొంగింది.

"సోడా కొట్టినట్టు పొంగవట్టె!" అన్నాడు యాదయ్య. అంతసేపూ ముఖం మాడ్చుకున్నవాడు ముందుకు వంగి చూస్తున్నాడు.

సున్నపు మట్టి. అంటే నల్లరాయి కింద ఇంకో లోకం ఉందన్నమాట. లావా పారకముందు ఎప్పుడో నీళ్ల అడుగున పేరుకున్న పొరలు. ఇన్నేళ్లుగా నేను అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఒక ఇంటి గోడ మీద ఉంది. దాన్ని చూసిన మొదటి మనిషి శంకరమ్మ. ఇంకో గడ దించమని మొండికేయకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

వాకిట్లో అప్పటికే పల్లె సగం చేరింది. "అంటే నూనె పడ్డట్టేనా?" అని ఎవరో అరిచారు.

గగోయ్ సారు నవ్వాడు. ఆయన చెప్పింది నేను మావాళ్ల మాటలో చెప్పాను. "నల్లరాయి మూత లెక్క. మూత కింద గిన్నె అంచు కనవడ్డది, గంతే. గిన్నె ఎంత పెద్దగున్నదో తెల్వదు. దాంట్ల కూరున్నదో, ఖాళీగున్నదో, అసలు ఎవరన్న వండిన్రో లేదో తెల్వదు. తెల్వాలంటే ఏండ్లు పడ్తది. పదిచోట్ల చూస్తే తొమ్మిది చోట్ల ఖాళీనే ఉంటదంటుండు సారు."

"తొమ్మిది ఖాళీ అయితే ఎందుకు ఎతుకుతుండు?" అంది శంకరమ్మ.

కింద ఏముందో తెలియకుండా పైన ఉంటే తనకు నిద్ర పట్టదు అన్నాడాయన. శంకరమ్మ అప్పుడు మొదటిసారి నవ్వింది. "గది నాకూ ఉన్నది గని, సారుకు ఒక మాట చెప్పు. చూసుడు చూసుకోమను. నా నీళ్లను మాత్రం కదిలియ్యద్దను."

ఆయన తల ఊపి జెండాను పీకించాడు. కొత్త గుంత బోరుకు నాలుగు వందల అడుగుల దూరంలో తొలవమన్నాడు. మేనేజరుకు తనే ఫోన్ చేసి, గీత రేపటికి పూర్తవుతుందని చెప్పాడు. ఇక మిగిలింది ఫారం. కొత్తది తీసి నీటి వనరు దగ్గర "ఉంది" అని రాశాను. లోతు రాశాను. అనుమతి నంబరు దగ్గర పెన్ను ఆగింది.

"లేదని రాయి" అంది శంకరమ్మ. "లేనిది లేదని రాస్తే తప్పు గాదు. దాని కింద ఇంకోటి రాయి. సర్కారు బోరు ఎండి ఐదేండ్లాయె, ముప్పై ఇండ్లు గీ నీళ్లే తాగుతున్నయి. నా పేరు సక్కగ రాయి. వచ్చెటోళ్లను రానియ్యి, వచ్చినోళ్లకు ఆ ఎండిన బోరే ముందు చూపిస్త."

యాదయ్య తల పట్టుకున్నాడు. కానీ సాక్షి సంతకం ఎవరిదని అడిగితే పెన్ను అతనే తీసుకున్నాడు.

మర్నాడు పదకొండుకు పేలుడు. అందరినీ దూరం జరగమన్నారు. శంకరమ్మ మాత్రం బోరు దగ్గరే ఉంటానంది. మోటారు వేయించి, పైపు మూతి కింద అరచెయ్యి పెట్టి కూర్చుంది. ఆమెను వదిలి వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు. పక్కనే కూర్చున్నాను.

ఈల వేశారు. కాళ్ల కింద భూమి ఒక్కసారి దబ్బుమంది. చెవులన్నీ అప్పుడు కింది రాళ్ల మాట వింటున్నాయి. మేమిద్దరం పైపు కేసే చూస్తున్నాం. నీళ్ల ధార సన్నబడింది. తెల్లగా, పాలు కలిసినట్టు వచ్చింది. ఇంకా సన్నబడి వేలంత అయింది. శంకరమ్మ కదల్లేదు. దేవుడా, ఈ ఒక్కసారికి అని నేను కళ్లు మూసుకున్నాను. అంత భయం నా జీవితంలో ఎప్పుడూ పడలేదు.

పైపు గురగురమంది. కళ్లు తెరిచేసరికి ధార ఆమె అరచేతిని నెట్టేస్తోంది. ముందు తెలుపు, తర్వాత మసక. కాసేపటికి నీళ్లు తేటబడ్డాయి. శంకరమ్మ దోసిలి పట్టి ఒక గుక్క తాగి, నోట్లోనే ఉంచుకుని రుచి చూసి మింగింది.

"నిలిచినయి పెద్దమ్మా" అన్నాను. నాకు ఏడుపు వచ్చేసింది.

"నిలిచినయి." ఆమె తడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. అట్లా తుడుచుకుంటూనే, కోపం లేకుండా, సూటిగా నా కళ్లలోకి చూసి అంది. "బిడ్డా, ఇంకోసారి నన్ను అడగకుండ నా మీద జాలి పడకు."